సైకిలు తొక్కండి – పసివారి పాదాలు కాపాడండి



నా కుడి మడమ మీద అంగుళమున్నర మచ్చ ఒకటి ఉన్నది. అది నాకు ఆరేళ్ళ వయసులో పడినది. పిట్టలవానిపాలెం నుండి చందోలు వెళుతూ నాన్నగారి సైకిలు క్యారేజి మీద కూర్చున్నాను. కునుకు పట్టి కాలు లోపలికి జారింది, మడమ చక్రం పుల్లల మధ్య ఇరుక్కుంది. నాన్నగారు కంగారులో చక్రం వెనక్కి తిప్పి కాలు లాగారు. ఇంటికి వచ్చాక కాఫీపొడి అద్ది గుడ్డ కట్టారు. నాలుగైదు రోజులకు చర్మం నల్లబడి ఊడిపోయింది. నెలన్నర బడి పోయింది.

నర్సుగా ముప్పై ఏళ్ళు దాటినా, ఇదే గాయంతో పిల్లలు క్యాజువాలిటీకి రావడం చూస్తూనే ఉన్నాను. సైకిలు వెనుక కూర్చున్నవారు కొందరు, మోటారు సైకిలు వెనుక కూర్చున్నవారు కొందరు. తండ్రులు తల వంచుకుని నిలబడతారు. వారిలో నాకు మా నాన్నగారే కనబడతారు. అందుకే ఈ నాలుగు మాటలు.

సైకిలు మానవద్దు

సైకిలు మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన కృష్ణా డెల్టా నేల బల్లపరుపు. ఎత్తు ఎక్కి ఆయాసపడే పని లేదు. తెనాలి జనాభా 2011 లెక్కల ప్రకారం 1,64,937. మూడు కాలువలు పారే ఆ పట్టణంలో గాంధీచౌక్, బోసురోడ్డు రద్దీగా ఉన్న వేళ కారు నిలిచిపోతే, సైకిలు సందులలోనుండి సాగిపోతుంది. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున నిదానంగా తొక్కినా అరగంటలో 6 కిలోమీటర్లు పోవచ్చును. తెనాలిలోనే కాదు, బాపట్ల, రేపల్లెలలోనూ రోజువారీ పనులకు అంత దూరం చాలు.

పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. మార్కెట్టుకు, డ్యూటీకి రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు సైకిలు తొక్కితే 150 నిమిషాలు పూర్తి. షుగరు, బి.పి. అదుపులో ఉండడానికి ఇది ఎంతో సహాయం. పెట్రోలు ఖర్చు కూడా లేదు.

పిల్లలను ఎక్కించుకునేటప్పుడు

రెండు నుండి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఈ గాయం ఎక్కువ. వారి కాళ్ళు పొట్టి, ఆనించే చోటు లేక వేలాడుతూ చక్రం దగ్గరకే పోతాయి.

1. వెనుక చక్రానికి రెండు వైపులా వల గాని రేకు గాని బిగించండి. సైకిలు షాపులో చిన్న పని.
2. కాళ్ళు ఆనడానికి ఫుట్‌రెస్టులు, పట్టుకోవడానికి పిడి ఉన్న సీటు పెట్టించండి.
3. మడమ మూసే బూట్లు తొడగండి. బిడ్డకు నిద్ర వస్తుంటే ఆగి దింపండి.
4. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోండి.

కాలు ఇరుక్కుంటే

వెంటనే ఆగండి. చక్రం ముందుకు గాని వెనక్కి గాని తిప్పవద్దు, కాలు గుంజవద్దు. బిడ్డ బరువును ఒకరు మోస్తూ ఉంటే మరొకరు పుల్లలు వంచాలి, లేదా కత్తిరించాలి. కాలు బయటకు వచ్చాక శుభ్రమైన పారే నీటితో కడిగి, ఉతికిన గుడ్డ చుట్టండి. రక్తం ఆగకపోతే గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టవద్దు. బిడ్డను నడిపించకుండా ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకురండి.

"పైన గీరుకుపోయింది, అంతే కదండీ" అంటారు చాలామంది. చక్రం చర్మాన్ని కోయడమే కాదు, నలుపుతుంది కూడా. మొదటి రోజు బాగానే కనబడిన చోటు కొన్ని రోజుల తరువాత నల్లబడవచ్చును. లోపల ఎముక విరిగి ఉండవచ్చును. కాబట్టి ఎక్స్‌రే, టెటనస్ ఇంజెక్షను అవసరమా కాదా అన్నది డాక్టరుగారు నిర్ణయించాలి. కట్టు మార్చడానికి రమ్మన్న రోజున తప్పక రండి.

తొక్కేవారు తెలుసుకోవలసినవి

గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టండి. దారిలో గుండెలో నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే దిగి కూర్చుని 108కి ఫోను చేయించండి. షుగరుకు ఇన్సులిను, మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో తొక్కవద్దు, జేబులో చక్కెర గాని గ్లూకోజు గాని ఉంచుకోండి. పాదాల తిమ్మిరి ఉంటే బూట్లు వేసుకుని, ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోండి. మోకాళ్ళు నొప్పి పెడుతుంటే సీటు ఎత్తు సరిచూడండి. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద ఉంచితే కాలు తిన్నగా చాపుకోవాలి.

రేపల్లె, బాపట్ల మీదుగా పోయే 216 జాతీయ రహదారి మీద లారీలు వేగంగా వస్తాయి. రాత్రి వేళ ముందు లైటు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, తెల్లని చొక్కా, తలకు హెల్మెట్ తప్పనిసరి అనుకోండి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద టైరు జారుతుంది, అక్కడ దిగి నడిపించండి. కాలువ కట్టల మీద చీకటిలో పోకపోవడమే మంచిది.

నా కాలు మానిన తరువాత నాన్నగారు చేసిన మొదటి పని, ఆ సైకిలు వెనుక చక్రానికి రెండు వైపులా ఇనుప వల బిగించడం. ఆయన ఒక్కసారి కూడా ఆ గాయం మాట ఎత్తలేదు. వల మాత్రం నెలనెలా సరిచూసేవారు. నేను హైస్కూలుకు వెళ్ళినది ఆ సైకిలు మీదనే.

ఈ రాత్రి మీ ఇంటి సైకిలు వెనుక చక్రం ఒకసారి చూడండి. వల లేకపోతే రేపే వేయించండి.