మధుమేహము – మూత్రపిండ రక్షణము

ఖిలా వరంగల్లును దర్శించువారికి మట్టికోటయు, అగడ్తయు, రాతికోటయు వరుసగా కానవచ్చును. గణపతిదేవుడు ఆరంభించిన రాతికోటను రుద్రమదేవి ముగించెను. అంతటి కోటయు 1323లో ఢిల్లీ సేనలకు లోబడెను. అయినను ఆ శత్రువు ఎదుటికి వచ్చినవాడు. నేడు ఈ కోట చుట్టును గల పేటలలోను, పల్లెలలోను కాపురమున్న శత్రువు కంటికి కనబడడు. అదియే మధుమేహము వలన కలుగు మూత్రపిండ వ్యాధి.

రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చియున్నచో మూత్రపిండములలోని సన్నని జల్లెడలు చెడి, ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జారిపోవును. అప్పటికి నొప్పి లేదు, జ్వరము లేదు. కాళ్లు వాచి, ఆయాసము పుట్టునాటికి చాలవరకు మించిపోయి యుండును. పిమ్మట వారమునకు మూడు దినములు, దినమునకు నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రమునకు కట్టుబడవలెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును భరించుచున్నది. కాని నాట్ల కాలమున చేను విడిచి పట్టణమునకు తిరుగు రైతు నష్టమును ఎవరు భరింతురు?

రక్తములోని కొవ్వును తగ్గించు మందులు ఈ వ్యాధికిని ఉపకరించునని కొందరు చెప్పుచున్నారు. ఈ ఆశ నిరాధారమైనది కాదు. కొవ్వు మూత్రపిండములను చెరుపునని మూర్‌హెడ్ ప్రభృతులు 1982లో లండనునుండి ప్రతిపాదించిరి. అంతకు ముందే జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో బూజునుండి స్టాటిన్ జాతి మందును కనుగొనియుండెను.

పరీక్షలు ఏమి తేల్చినవి? 2011లో వెలువడిన షార్ప్ పరిశోధనలో సుమారు 9,270 మంది మూత్రపిండ రోగులు పాల్గొనిరి. సిమ్వాస్టాటిన్, ఎజెటిమిబ్ మందుల వలన గుండెపోటు మొదలగు రక్తనాళోపద్రవములు నూటికి 17 పాళ్లు తగ్గెను; మూత్రపిండములు క్షీణించు వేగము మాత్రము తగ్గలేదు. 2005లో ప్రకటితమైన ఫీల్డ్ పరిశోధనలో 9,795 మంది మధుమేహ రోగులపై ఫెనోఫైబ్రేటును పరీక్షించిరి. దానివలన ఆల్బుమిన్ స్రావము కొంత తగ్గెను. కాని ఆ పరిశోధన ముఖ్యోద్దేశమైన హృద్రోగ నివారణ స్పష్టముగా సిద్ధింపలేదు. మందు వాడునంతకాలము రక్తములో క్రియాటినిన్ పెరిగి, మానినపిమ్మట దిగెను. మూత్రపిండములు బాగుగా చెడినవారికి ఈ మందు తగదు.

కావున మా అభిప్రాయమిది. స్టాటిన్ మధుమేహ రోగి గుండెకు కాపు. వైద్యుడు వ్రాసినచో మానరాదు. మూత్రపిండములకు అదియే మందని నమ్మి కూర్చుండరాదు. ఫెనోఫైబ్రేటు ఇంకను ఆశయే గాని నిశ్చయము కాదు. దుకాణములో అడిగి కొని మ్రింగుట అపాయకరము. చక్కెరను, రక్తపుపోటును అదుపునందుంచుటయు, తగినవారికి వైద్యులిచ్చు రక్తపుపోటు మందులును నిరూఢమైన కాపులు. గ్లిఫ్లోజిన్ జాతి మందులును మూత్రపిండ క్షీణతను మందగింపజేయునని 2019లో ప్రకటితమైన క్రెడెన్స్ పరిశోధన చూపెను.

1970 నాటి పేటెంటు చట్టము వలన మన దేశమున మందులు చౌకయైనవి. ఆ మేలు పల్లెకు చేరవలెనన్న, వ్యాధి ముందుగా బయటపడవలెను. ప్రతి మధుమేహ రోగికిని ఏటేట మూత్రములో ఆల్బుమిన్‌ను, రక్తములో క్రియాటినిన్‌ను పరీక్షించు ఏర్పాటు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను ఉండవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. పాఠకులును ఏర్పాటు జరుగువరకు వేచియుండక, ఇంట మధుమేహము గల పెద్దలను ఈ నెలలోనే పరీక్షకు తోడ్కొనిపోవుదురుగాక. కోటకు బీటలు వారినప్పుడే రాయి పేర్చవలెను. గోడ కూలినపిమ్మట కాదు.