బాణపు మొనలు, సెల్ఫీ స్టిక్కులు

2015 జూన్ చివరి వారంలో అమెరికాలోని కాలిఫోర్నియా డిస్నీ పార్కులో 'కాలిఫోర్నియా స్క్రీమిన్' అనే రోలర్ కోస్టర్ దారి మధ్యలో నిలిచిపోయింది. యంత్రంలో లోపమేదీ లేదు. రైడు నడుస్తుండగా ప్రయాణికులలో ఒకరు సెల్ఫీ స్టిక్ బయటికి తీశారు. అది గమనించిన సిబ్బంది బండిని ఆపివేశారు. సుమారు గంటసేపు ఆ రైడు మూతపడింది. మరికొద్ది రోజులకే, జూన్ 30 నుండి అమెరికాలోని డిస్నీ పార్కులన్నింటిలోనూ, ఆ మరునాటి నుండి పారిస్, హాంకాంగ్ పార్కులలోనూ సెల్ఫీ స్టిక్కులపై నిషేధం అమలులోకి వచ్చింది. అంతకుముందు ఆంక్ష రైడ్లకు మాత్రమే పరిమితమై ఉండేది. ఇప్పుడు ప్రవేశద్వారం వద్ద సంచులు తనిఖీ చేసేటప్పుడే స్టిక్కును గుర్తించి పక్కన పెట్టిస్తారు. సిక్స్ ఫ్లాగ్స్ వంటి ఇతర సంస్థలూ అదే సంవత్సరం అదే బాట పట్టాయి.

దూరదేశపు వినోదస్థలాల నియమాలతో మనకేమి పని అని పాఠకులు అనుకోవచ్చు. కానీ నేడు ఓర్లాండోకో, అబూదాబీకో సెలవులకు వెళ్లని తెలుగు ముస్లిం కుటుంబం మన బంధువర్గంలో ఒక్కటైనా ఉండకపోదు. అంత దూరం వెళ్లనివారు ఈద్ మరునాడు పిల్లలను వెంటబెట్టుకుని రావిర్యాలలోని వండర్లాకో, రామోజీ ఫిల్మ్ సిటీకో వెళ్తారు. అందరి చేతిలోనూ ఫోను ఉంటుంది, కొందరి చేతిలో దానికి తగిలించిన కర్ర కూడా ఉంటుంది. ఆ కర్రను ఎక్కడ చాచవచ్చు, ఎక్కడ ముడవాలి అన్నది పార్కువారి బోర్డు మీద రాసిన నిబంధన మాత్రమే కాదు. మన ధర్మం పద్నాలుగు శతాబ్దాల క్రితమే దీనికి దగ్గరి విషయంలో స్పష్టమైన మర్యాద నేర్పింది.

ముందుగా ఆ నిషేధం వెనుక ఉన్న కారణం చూద్దాం. రోలర్ కోస్టర్‌ను రూపొందించే ఇంజనీర్లు సీటులో కూర్చున్న మనిషి చేతులు పూర్తిగా చాచినా ఏ స్తంభానికీ, ఏ దూలానికీ తగలనంత ఖాళీ స్థలాన్ని పట్టాల చుట్టూ వదులుతారు. ఆ లెక్క మనిషి చేయికి వేసినదే గాని, చేతి చివర మరో మీటరు పొడవు లోహపు కర్రకు వేసినది కాదు. కాలిఫోర్నియా స్క్రీమిన్ గరిష్ఠ వేగం గంటకు దాదాపు 88 కిలోమీటర్లు. ఆ వేగంలో కర్ర కొస దేనికైనా తగిలితే ముందుగా దెబ్బ తినేది దానిని పట్టుకున్నవారి మణికట్టే, ఆ తరువాత వెనుక వరుసలో ఉన్నవారి ముఖం. ఇక 200 గ్రాముల ఫోను ఆ వేగంలో చేయి జారితే, అది ఒక మోస్తరు ఫాస్ట్ బౌలర్ విసిరిన క్రికెట్ బంతి ఎంత బలంతో తగులుతుందో దాదాపు అంత బలంతోనూ కింద నిలబడిన వ్యక్తికి తగులుతుంది. అబూదాబీ ఫెరారీ వరల్డ్‌లోని ఫార్ములా రోసా వేగం గంటకు 240 కిలోమీటర్లు. అక్కడ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

పార్కువారు తమ ఫోటోగ్రాఫర్లు తీసే చిత్రాలను అమ్ముకోవడానికే ఈ నిషేధం పెట్టారని సణిగేవారు కొందరున్నారు. ఆ వాదన నిలవదు. ఫోనును, కెమెరాను వారు నిషేధించలేదు. చేతితో పట్టుకుని ఎన్ని చిత్రాలైనా తీసుకోవచ్చు. అభ్యంతరం కర్ర పొడవు గురించే.

మొన పట్టుకుని నడవండి

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ద్వారా ఒక హదీసు నమోదై ఉంది. మసీదు గుండా గాని, బజారు గుండా గాని బాణాలు వెంటబెట్టుకుని వెళ్లేవారు వాటి మొనలను చేతితో పట్టుకుని ఉంచాలని, తోటి ముస్లిములలో ఎవరికీ గాయం కాకుండా చూసుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారని దాని సారాంశం. హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన మరొక ఉల్లేఖనంలో, ముస్లిం గ్రంథంలోని పాఠం ప్రకారం, ఆ వ్యక్తి మసీదులో బాణాలను దానం చేస్తున్నాడు. ఇది ఆలోచింపదగిన వివరం. అతని ఉద్దేశం మంచిది, చేస్తున్న పని పుణ్యకార్యం. అయినప్పటికీ మొనలు పట్టుకొమ్మనే ఆదేశం అతనికి తప్పలేదు. మరి మనం తీసుకునేది దానం కాదు, ఫోటో మాత్రమే.

జనం కిక్కిరిసిన చోట పొడుచుకువచ్చే వస్తువుతో నడిచేవానికి ఇంతకంటే సూటిగా వర్తించే బోధ మరొకటి దొరకదు. క్యూలో నిలబడినప్పుడు సెల్ఫీ స్టిక్‌ను పూర్తిగా ముడిచి, ఫోను బిగించే కొసను అరచేతిలో పట్టుకుని కిందికి దించి ఉంచితే, ఆ సంప్రదాయం యథాతథంగా ఆచరించినట్లే. చాచిన కర్రతో నడుస్తూ వీడియో తీసేవారు ఒక విషయం గుర్తించరు. వారి దృష్టి తెర మీద ఉంటుంది, కర్ర కొస మాత్రం ఎదుటివారి కంటి ఎత్తున ఉంటుంది. పెద్దలు తప్పుకుంటారు. తండ్రి భుజాల మీద కూర్చుని ఊరేగింపు చూస్తున్న రెండేళ్ల పిల్లవాడు తప్పుకోలేడు. ఊరేగింపు మొదలైన తరువాత ముందు వరుసవారు ఎత్తిన కర్ర వెనుక నిలబడిన పది మంది పిల్లలకు అడ్డమవుతుంది కూడా. టిక్కెట్టు డబ్బు వారూ చెల్లించారు.

దారిలో కూర్చునేవారు దారి హక్కులు చెల్లించాలని ప్రవక్త (స) చెప్పినప్పుడు, ఆ హక్కులేమిటని సహాబాలు అడిగారు. చూపు వాల్చుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని బోధించి చెడును వారించడం అని వారు వివరించారు. మొదటి రెండూ కెమెరా చేతబట్టినవారికి ఎంతగా వర్తిస్తాయో వేరే వివరణ అవసరం లేదు.

ప్రమాదం గురించి మరొక్క మాట. 2011 అక్టోబర్ నుండి 2017 నవంబర్ వరకు ప్రపంచవ్యాప్తంగా పత్రికలలో వచ్చిన వార్తలను పరిశీలించిన భారతీయ వైద్య పరిశోధకులు, సెల్ఫీలు తీసుకుంటూ 137 సంఘటనలలో 259 మంది మరణించినట్లు లెక్కించి 2018లో ప్రచురించారు. ఆ దేశాల జాబితాలో మొదటి స్థానం మనదే. ఎక్కువమంది నీటిలో మునిగి చనిపోయినవారు.

స్టిక్కులో ఉన్న మేలు

ఇంత చెప్పాక సెల్ఫీ స్టిక్ ఒక దుష్టవస్తువని అనుకోవద్దు. జపాన్ మినోల్టా కంపెనీలో పనిచేసిన హిరోషి ఉయెదా 1980లలో ఇటువంటి కర్రను తయారుచేశారు. ఐరోపా యాత్రలో లూవ్ర్ మ్యూజియం వద్ద తనకూ భార్యకూ ఫోటో తీయమని ఒక కుర్రవాడికి కెమెరా ఇస్తే, అతడు దానిని తీసుకుని పారిపోయాడట. ఆ అనుభవం నుండి పుట్టిన ఆలోచన ఇది. అప్పట్లో దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1990లలో పనికిమాలిన జపనీస్ ఆవిష్కరణల పుస్తకంలో దానికి చోటు దక్కింది. 2014 వచ్చేసరికి టైమ్ పత్రిక దానిని ఆ సంవత్సరపు ఉత్తమ ఆవిష్కరణలలో చేర్చింది.

మన స్త్రీలకు ఈ కర్ర వలన ఒక ప్రయోజనం ఉన్న మాట కాదనలేము. పర్దా పాటించే సోదరి తన ఫోటో తీయమని పరాయి పురుషుని అడగనవసరం లేదు, తన ఫోనును అపరిచితుని చేతికి ఇవ్వనవసరం లేదు. కుటుంబమంతా ఒక్క చిత్రంలో ఇమిడిపోతుంది. (ఫోటోగ్రఫీ ధర్మసమ్మతమా కాదా అన్న చర్చలో ఉలమాల అభిప్రాయాలు భిన్నంగా ఉన్నాయి. ఈ వ్యాసం ఆ చర్చలోకి వెళ్లదు. తీసుకునేవారు ఎలా తీసుకోవాలన్నదే ఇక్కడి విషయం.) పార్కు అనుమతించిన విశాలమైన పచ్చికలో, చుట్టూ జనం లేని వేళ కర్రను చాచి ఒక చిత్రం తీసుకుంటే దానివలన ఎవరికీ నష్టం లేదు.

చూపు కోసమే అనుమతి

కర్ర వలన కలిగే గాయం కంటికి కనిపిస్తుంది. దాని కొసన ఉన్న కెమెరా వలన కలిగే గాయం కనిపించదు. చేతితో తీసిన సెల్ఫీలో మన ముఖమే ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. కర్ర పొడవు పెరిగేకొద్దీ మన వెనుక ఉన్న లోకం చిత్రంలోకి వస్తుంది. అలల కొలను నుండి తడిబట్టలతో బయటికి వస్తున్న స్త్రీలు, గాలికి నిఖాబ్ తొలగి సర్దుకుంటున్న సోదరి, బిడ్డకు పాలిస్తున్న తల్లి, వీరెవరూ మన ఈద్ జ్ఞాపకాలలో భాగం కావడానికి ఒప్పుకున్నవారు కాదు. ఆ చిత్రం నిమిషంలో స్టేటస్‌గా మారుతుంది, మన పరిచయస్తులు రెండు వందల మంది చూస్తారు.

నూర్ సూరా 27వ ఆయత్ ఇతరుల ఇండ్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దని శాసిస్తుంది. హుజురాత్ సూరా 12వ ఆయత్ ఇతరుల గుట్టు వెదకడాన్ని నిషేధిస్తుంది. బుఖారీలో హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) తెలిపిన సంఘటన ప్రకారం, ఒక వ్యక్తి ప్రవక్త (స) గృహపు తలుపు రంధ్రం గుండా లోపలికి తొంగిచూశాడు. అప్పుడు వారి చేతిలో తల దువ్వుకునే ఇనుప సాధనం ఉంది. వారు ఆ వ్యక్తిని తీవ్రంగా మందలించి, అనుమతి కోరే నియమం పెట్టబడింది చూపు విషయంలోనేనని తెలియజేశారు. గడప లోపలికి అతడు అడుగు పెట్టలేదు, వెళ్లింది అతని చూపు మాత్రమే. ఒక మీటరు ముందుకు చాచగలిగిన కన్ను మన చేతిలో ఉన్నప్పుడు ఈ సంఘటన మనకు ఎంత దగ్గరిదో గ్రహించవచ్చు.

గల్ఫ్‌లో ఉన్నవారు, అక్కడికి వెళ్లే బంధువులు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుండి అమలవుతున్న సైబర్ నేరాల చట్టం (2021లోని 34వ నంబరు) 44వ అధికరణం ప్రకారం, అనుమతి లేకుండా ఇతరులను, బహిరంగ స్థలంలోనైనా సరే, ఫోటో తీసి వారి ఏకాంతానికి భంగం కలిగిస్తే కనీసం ఆరు నెలల జైలు గాని, లక్షా యాభై వేల నుండి ఐదు లక్షల దిర్హముల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. కరీంనగర్ నుండో కడప నుండో వెళ్లి అక్కడ నెలజీతంతో బ్రతుకుతున్న కార్మికునికి ఆ జరిమానా ఎన్ని సంవత్సరాల సంపాదనో లెక్క వేసుకోండి. మన దేశంలో ఐటీ చట్టం 66ఈ సెక్షను వ్యక్తుల రహస్యాంగాల చిత్రాలను అనుమతి లేకుండా తీయడాన్ని, ప్రచురించడాన్ని నేరంగా పరిగణించి మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. బట్టలు మార్చుకునే గదుల దాపున ఫోను ఎత్తేవారికి ఈ మాట తెలిసి ఉండాలి. అయితే నడిచిపోతున్న స్త్రీ ముఖం మన చిత్రంలో పడితే ఇక్కడి చట్టం సాధారణంగా అడ్డు చెప్పదు. అక్కడ పనిచేయవలసింది మన హయా, మన సిగ్గు.

టిక్కెట్టు ఒక ఒడంబడిక

టిక్కెట్టు కొని లోపలికి అడుగుపెట్టినవారు ఆ స్థలపు షరతులకు అంగీకరించినట్లే. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయతే ఆజ్ఞాపిస్తున్నది. నిబంధన మనకు అనవసరమని తోచినా, కావలివాడు చూడకపోయినా, అది రద్దు కాదు. స్టిక్‌ను సంచి అడుగున పెట్టి గాని, బుర్ఖా మాటున గాని దాటించాలని చూసేవారికి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఒక్కరు అలా పట్టుబడితే, ఆ రోజు ఆ ద్వారం గుండా వెళ్లే ప్రతి బుర్ఖా ధరించిన స్త్రీని అనుమానంతో చూస్తారు. మన సరదాకు వెల కట్టేది మనకు ముఖపరిచయం కూడా లేని ఒక సోదరి.

బుర్ఖా ప్రస్తావన వచ్చింది కనుక: రైడ్ల మీద వేలాడే దుపట్టా కొసలు, బుర్ఖా అంచులు కర్రతో సమానమైన ప్రమాదం. చక్రాలు బయటికి కనిపించే గో-కార్ట్‌ల వద్ద వాటిని బిగించి దోపుకోవాలి, లేదా ఆ రైడును వదులుకోవాలి.

వినోదస్థలాలలోనే కాదు, పుణ్యక్షేత్రాలలోనూ ఈ వ్యాధి ప్రవేశించింది. 2017 నవంబర్‌లో మక్కాలోని మస్జిదె హరామ్, మదీనాలోని మస్జిదె నబవీ లోపల, పరిసరాలలో ఫోటోలు, వీడియోలు తీయడాన్ని సౌదీ ప్రభుత్వం నిషేధించింది. తవాఫ్ చేస్తూ కాబా వైపు వీపు పెట్టి తెర వైపు నవ్వేవారిని చూసిన హాజీలకు ఆ నిర్ణయం ఎందుకు అవసరమైందో బాగా తెలుసు.

ఇక పార్కుకు బయలుదేరే ముందు ఆ పార్కు వెబ్‌సైట్‌లో నిషిద్ధ వస్తువుల జాబితా ఒకసారి చూసుకోవడం, స్టిక్ అందులో ఉంటే ఇంట్లోనే వదిలివెళ్లడం సులువైన పని. పొరపాటున తెచ్చినా కారులో పెట్టి రావచ్చు, లేదా ద్వారం వద్ద భద్రపరిచే సదుపాయం ఉంటే అప్పగించవచ్చు. లోపల కుటుంబమంతా కలిసిన చిత్రం కావాలనుకుంటే పక్కనున్న మరో కుటుంబంలోని స్త్రీని అడగండి. తల్లులు సాధారణంగా కాదనరు. చిత్రం తీసిన వెంటనే తెర మీద పెద్దది చేసి, వెనుక ఇతరుల ముఖాలేవైనా పడ్డాయేమో చూసి, పడితే అక్కడికక్కడే తొలగించి మరొకటి తీయించుకోండి. జుహ్ర్ వేళ దాటిపోకముందే ఈ పని ముగించుకోవడం మంచిది. ఆ తరువాత ఆ కుటుంబానికి ఫోటో కావాలేమో అడిగి, మీరూ ఒకటి తీసి ఇవ్వండి.