వార్తల్లో పదం: నానో కీమోథెరపీ

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ మందు ఒళ్లంతా తిరుగుతుంది. కణితితో పాటు మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. వాంతులు, విరేచనాలు అందుకే. అదే మందును సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగలో, అంటే లైపోజోమ్‌లో నింపితే, కణితిలో లీకయ్యే రక్తనాళాల గుండా అక్కడే ఎక్కువగా చేరాలన్నది ఆలోచన. ఈ పద్ధతిలో తయారైన డాక్సిల్ అనే క్యాన్సర్ మందుకు 1995లో అమెరికా అనుమతి దక్కింది. పెద్దపేగు క్యాన్సర్‌లో వాడే ఇరినోటెకాన్ మందుకు నానో రూపమైన ఒనివైడ్‌కు 2015లో అక్కడ అనుమతి వచ్చినా, అది క్లోమగ్రంథి క్యాన్సర్‌కే.  పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌కు సూచన కావచ్చు కాబట్టి, మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని ఊరుకోకుండా పరీక్ష చేయించుకోండి.