ఇంటి కంచము – గుండె క్షేమము

నేరేడుచర్ల చుట్టుపట్ల గ్రామములలో గృహిణుల నోట తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: “మా ఇంటాయనకు కూరగాయలు పడవు. తెల్లన్నము, తొక్కు, నూనెలో వేగిన వేపుడు ఉన్ననే కంచము ముందు కూర్చొనును.” వినుటకు ఇది సంసారములోని చిన్న ముచ్చటవలె తోచును. కాని ఆ ఇంటాయనకు రక్తపు పోటు ఉన్నదనియో, గుండె రక్తనాళములు సన్నబడినవనియో వైద్యుడు చెప్పిన దినమునుండి ఆ ముచ్చట ప్రాణముతో ముడిపడిన విషయమగును. “ఉప్పు తగ్గించుడు, నూనె తగ్గించుడు, ఆకుకూరలు తినుడు” అని వైద్యుడు రెండు నిమిషములలో చెప్పి పంపును. ఆ మాటను పూటపూటకు, ఏడాది పొడుగున అమలు జరుపవలసిన భారము ఇల్లాలిపై పడును. చప్పిడి కూర పెట్టినచో కంచము తోసివేయును. అడిగినది పెట్టినచో ఆరోగ్యము చెడును. ఈ రెంటి నడుమ ఆమె నలిగిపోవుచుండును.

గుండె జబ్బు పట్టణవాసులకు, ధనవంతులకు వచ్చునది అను నమ్మకము ఇంకను కొందరిలో కలదు. అది సరికాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామములలో జరిగిన మరణములను గురించి 2006లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము, నూటికి 32 మరణములకు గుండె, రక్తనాళముల జబ్బులే కారణములు. అవియు మనవలెనే కాలువ క్రింద వరి పండించు గ్రామములు. 52 దేశములలో జరిగిన మరియొక పరిశోధనలో, దక్షిణాసియా ప్రజలకు మొదటి గుండెపోటు తక్కినవారికంటె అయిదారేండ్లు ముందుగా వచ్చుచున్నట్లు తేలినది. అనగా బిడ్డల చదువులు, పెండ్లిండ్లు ఇంకను ముగియని వయస్సులోనే కుటుంబము ఆధారమును కోల్పోవు ప్రమాదము కలదు. కనుక ఈ విషయమును ఇంటి గుట్టుగా విడిచిపెట్టక, గ్రామపు మేలుకోరు పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసియున్నది.

కాలువ వచ్చిన పిదప మారిన కంచము

1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసిరి. ఎడమ కాలువ నీరు అందిన పిదప మిర్యాలగూడ, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో మెట్టచేలు మాగాణులైనవి. జొన్న, సజ్జ, కంది, పెసర పండిన చేలలో వరి నిండినది. మిర్యాలగూడ పరిసరములలో బియ్యపు మిల్లులు వరుసలు దీరినవి.

ఆకలి తీర్చిన ఈ మార్పును తక్కువచేసి చెప్పరాదు. గటక తిని, అంబలి త్రాగి పొలమునకు పోయిన తరము వారికి తెల్లని వరియన్నము పండుగనాటి భోజనము. వారి బిడ్డలకు అది నిత్యభోజనమైనది. కనుకనే నేడు ఇంటి పెద్ద ముందు జొన్నరొట్టె పెట్టినచో, తాను మరల వెనుకటి లేమికి పోయినట్లు అతడు చిన్నబుచ్చుకొనును. కంచములో రుచి మాత్రమే కాదు, గౌరవము కూడ కలదు. ఈ సంగతి గుర్తింపక చెప్పిన సలహా చెవికెక్కదు.

2025 మార్చి 30న, ఉగాది నాడు, మన పొరుగుననున్న హుజూర్‌నగరులోనే చౌకధరల దుకాణముల ద్వారా మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చు పథకము ప్రారంభమైనది. ఆరు కిలోలనగా దినమునకు 200 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రముల ప్రకారము, దినమునకు సుమారు 2000 కిలోకేలరీల ఆహారము తీసికొనువారికి అన్ని ధాన్యములు కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేక గ్రుడ్లు, మాంసము 85 గ్రాములు ఉండవలెను. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు చాలును. దీనినిబట్టి బియ్యము శత్రువు కాదని తెలియుచున్నది. లోపము కంచములోని పాళ్లలో నున్నది. గుట్టగా అన్నము, అంచున రెండు గరిటెల కూర అను పద్ధతి తలక్రిందులు కావలెను.

ఆ సంస్థ పుట్టుకయే బియ్యముతో ముడిపడియున్నది. బియ్యమును మితిమీరి మరపట్టి తవుడు పోగొట్టి తినుటవలన వచ్చెడి బెరిబెరి వ్యాధిని శోధించుటకై అది 1918లో కూనూరున చిన్న ప్రయోగశాలగా వెలసి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. తవుడుతోపాటు విటమినులే గాక పీచు కూడ పోవును. ఆ పీచు రక్తములోని కొవ్వును, చక్కెరను అదుపులో నుంచుటకు తోడ్పడును.

ఉప్పు, నూనెల లెక్క

పెద్దవారు దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, లోపుగానే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నలుగురు పెద్దలున్న యింటికి ఇది దినమునకు 20 గ్రాములు. కిలో ఉప్పు 50 దినములు రావలెను. ఆవకాయలో, చింతకాయ తొక్కులో, అప్పడములలో, చల్లమిరపకాయలలో పడిన ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే. ఉప్పు పొట్లము విప్పిన తేదీని గోడమీది క్యాలెండరుపై గుర్తించినచో, ఇంటిలో ఎంత ఉప్పు ఖర్చగుచున్నదో త్రాసు లేకయే తెలియును. సైంధవ లవణము వాడినచో హాని లేదనుట పొరపాటు. అదియు ప్రధానముగా ఉప్పే.

నూనె దినమునకు 27 గ్రాములు చాలునని పోషకాహార సంస్థ చెప్పుచున్నది. అనగా మనిషికి నెలకు లీటరునకు లోపు. పామాయిలులో గుండెకు హానిచేయు సంతృప్త కొవ్వు దాదాపు సగము ఉండును. వేరుశెనగ, నువ్వుల, తవుడు నూనెలలో అది అంతకంటె చాల తక్కువ. ఒకసారి వేపుడునకు కాచిన నూనెను మరల మరల కాచి వాడుట ఏ నూనెకును తగదు.

రుచి అభ్యాసమువలన వచ్చినది

“పుట్టుకతో వచ్చిన నాలుక మారునా?” అని కొందరందురు. ఉప్పును కోరు గుణము కొంత సహజమే యైనను, ఎంత ఉప్పు ఉన్న రుచిగా తోచునన్నది అలవాటుపై ఆధారపడును. ఉప్పును ఒక్కసారిగా తీసివేసినచో కూర నోట పెట్టరాదు. వారము వారమునకు కొంచెముగా తగ్గించినచో నాలుక దానికి అలవడును. రెండు మూడు మాసములు గడచిన పిదప పూర్వపు కూరయే ఉప్పు కషాయమువలె తోచును. మొదట తోసివేసిన కూరగాయయు పలుమార్లు కొద్దికొద్దిగా రుచి చూచిన పిదప సహింపదగినదగును.

మార్పునకు ఫలితము కూడ కలదు. అమెరికాలో 459 మందిపై జరిగి 1997లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఉప్పు తగ్గింపకయే కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు హెచ్చుగా తినిపించి, కొవ్వు తగ్గించినంతనే, రక్తపు పోటు గలవారికి పై అంకె 11 వరకు తగ్గినది. మన రాష్ట్రములోనే సిద్దిపేట ప్రాంతపు 7 గ్రామములలో రక్తపు పోటు గల 502 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. కొందరికి మామూలు ఉప్పును, కొందరికి కొంతభాగము పొటాషియము కలిపిన ఉప్పును ఇచ్చిరి. మూడు మాసములలో రెండవ వారి పై అంకె సుమారు 4.6 తగ్గినది. వంట మారలేదు, ఉప్పు మాత్రము మారినది. అయితే మూత్రపిండముల జబ్బు గలవారికిని, కొన్ని రకముల రక్తపు పోటు మాత్రలు వాడువారికిని ఈ ఉప్పు ప్రమాదకరము. వైద్యుని అడుగక వాడరాదు.

ఇంటిలో చేయదగిన పనులు

మొదటిది, గద్దింపు మానుట. “ఇది తిన్న చచ్చిపోయెదవు” అని బెదిరించినచో పట్టుదల పెరుగును. అతని రక్తపు పోటు అంకెను ఆశా కార్యకర్తచేతనో, ఏ.ఎన్.ఎం. చేతనో అతనికే చెప్పించి, కాగితముపై వ్రాయించి, మాసమున కొకసారి మరల చూపింపవలెను. అంకె తగ్గుట కన్నులార చూచినవాడు తానే జాగ్రత్తపడును.

రెండవది, ఒక మారున కొకటే మార్పు. ఈ మాసము ఉప్పు, వచ్చు మాసము వేపుడు, ఆపై అన్నము అని వరుస పెట్టుకొనవలెను. అన్నియు ఒకనాడే మార్చిన కంచము ఆసుపత్రి కంచమగును.

మూడవది, తెలిసిన రూపమును నిలుపుట. వంకాయ తినువానికి ముందుగా వంకాయనే, కాని వేపుడుగా గాక కాల్చి పచ్చడిగా, లేక పులుసుగా పెట్టవలెను. సొరకాయ, బీరకాయ ఒల్లనివానికి వానిని పప్పులో కలిపి వండవలెను. పుంటికూర, తోటకూర, చుక్కకూర పప్పులో మన ప్రాంతమువారికి పరాయివి కావు. బెండకాయ జిగురు నచ్చనివానికి ఆరబెట్టి, తక్కువ నూనెతో కాల్చవలెను. ఉప్పు తగ్గిన చోట చింతపులుసు, నిమ్మరసము, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర చేర్చినచో చప్పదనము తెలియదు. అన్నమునకు తొక్కు నంజుకొను అలవాటు గలవానికి తక్కువ ఉప్పుతో చేసిన పచ్చిపులుసు మంచి ప్రత్యామ్నాయము.

నాలుగవది, ఎన్నుకొను హక్కు అతనికే విడుచుట. “ఏమి వండుదును?” అని అడిగిన “వేపుడు” అనును. “తోటకూర పప్పు చేయుదునా, పుంటికూర చేయుదునా?” అని అడిగినచో రెండింటిలో ఏది చెప్పినను మేలే. తొక్కును ఇంటినుండి వెడలగొట్టనక్కర లేదు. జాడీని భోజనము చోటునుండి లోపలి అలమారకు మార్చి, చిన్న చెంచాతో పూట కొకటి మాత్రము వడ్డించినచో తగవు లేకయే వాడుక తగ్గును.

అయిదవది, ఇంటికంతటికి ఒకే వంట. రోగికి వేరుగా, తక్కినవారికి వేరుగా వండుట గృహిణికి శ్రమ, రోగికి అవమానము. తక్కువ ఉప్పు బిడ్డలకును మేలు చేయును. గుండె జబ్బు స్త్రీలకును వచ్చును. ఇల్లాలే రోగియైనపుడు ఆమె అందరికి రుచిగా వండి, మిగిలిన తొక్కుమెతుకులతో సరిపుచ్చుకొనుట మన యిండ్లలో కలదు. అట్టి యింట భర్త తానుగా “నాకును ఈ కూరయే చాలును” అనవలెను. సంతనుండి కూరగాయలు తెచ్చుట, కోసి యిచ్చుట అతని పనియే. చుట్ట, బీడీ, మద్యము విడువక కంచమును మాత్రము మార్చిన ఫలితము సగమే. వైద్యుడిచ్చిన మాత్రలను, ఆహారము మార్చితిమని, తనంతట మానరాదు.

ఫిన్లాండు గ్రామముల అనుభవము

ఈ పని ఇంటింటను విడివిడిగా చేయుట కష్టము. ఊరు ఊరంతయు పూనిన సులభము. దీనికి ఫిన్లాండు దేశపు తూర్పు సరిహద్దుననున్న ఉత్తర కరేలియా ప్రాంతము నిదర్శనము. వెన్న, క్రొవ్వు మాంసము, ఉప్పు మెండుగా తిను ఆ పాడిరైతుల గ్రామములలో నడివయస్సు పురుషులు గుండెపోటుతో రాలిపోవుచుండిరి. ప్రజలే ప్రభుత్వమునకు విన్నవించుకొనగా 1972లో డాక్టరు పెక్కా పుస్కా నాయకత్వమున ఒక కార్యక్రమము ప్రారంభమైనది. అక్కడి పురుషులును కూరగాయలు ఒల్లనివారే. “అది పసులు తిను మేత” అని పరిహసించుచుండిరి.

అధికారుల ఉపన్యాసములవలన వారు మారలేదు. ‘మార్తా’ అను గృహిణుల సంఘమువారు గ్రామములలో విందులు ఏర్పరచి, వారి సంప్రదాయ మాంసపు కూరయందే క్రొవ్వు, ఉప్పు తగ్గించి, దుంపలు, కూరగాయలు చేర్చి వండి అందరికిని వడ్డించిరి. ఏ గ్రామమువారు తమ రక్తములోని కొవ్వును హెచ్చుగా తగ్గించుకొందురో చూతమని గ్రామముల నడుమ పోటీలు పెట్టిరి. దాదాపు నాలుగు దశాబ్దములలో అక్కడి పనిచేయు వయస్సు పురుషులలో గుండెజబ్బు మరణములు నూటికి 80కి పైగా తగ్గినవి. పొగాకు తగ్గుట, వైద్యము మెరుగగుట కూడ ఇందుకు తోడైనవి. ఒంటరిగా కంచము ముందు మొండికేసిన మనిషి, నలుగురితో కూడి తినునపుడు సిగ్గుపడియైనను రుచి చూచునని వారి అనుభవము తెలుపుచున్నది.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

మన గ్రామములలో మహిళా పొదుపు సంఘములు, అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము ఉన్నవి. వీరిని కలుపు దారము పంచాయతీ సభ్యుడే. 30 ఏండ్లు నిండిన ప్రతివారికిని రక్తపు పోటు, చక్కెర పరీక్షలు ఉచితముగా చేయు ఏర్పాటు కలదు. స్త్రీలు వచ్చుచున్నను పురుషులు పొలము పేరు చెప్పి తప్పించుకొందురు. కావున నాట్లు, కోతలు లేని దినములలో, తెల్లవారుజామున, రచ్చకట్ట వద్దనే పరీక్షలు జరుగునట్లు సభ్యులు ఆరోగ్య సిబ్బందిని కోరవలెను. తమ చేతికే ముందుగా పట్టీ కట్టించుకొనవలెను.

మాసమున కొకసారి మహిళా సంఘము వంట పెట్టి, తక్కువ ఉప్పు, తక్కువ నూనెతో చేసిన పప్పు, పచ్చిపులుసు, జొన్నరొట్టెలు, గుడాలు భార్యాభర్తలు ఇరువురికిని కలిపి వడ్డించుట మంచిది. పంచాయతీ సమావేశములకు బజ్జీలకు మారుగా శనగ గుడాలో, పండ్లో తెప్పించుటకు చట్టము మార్పక్కరలేదు. కాలువ క్రింది ఊరికి నీటి కొరత లేని దినములలో పెరటిలో మునగ, తోటకూర, బీరపాదు పెంచునట్లు ఇంటింటికి విత్తనములు పంచవచ్చును. వరి గట్లపై కంది వేయు పాత అలవాటును మరల నిలుపవచ్చును.

కాలువ నీరు మన చేలలోనికి ఒక్కనాడు రాలేదు. రాయిపై రాయి పేర్చి, అడుగు వెంట అడుగు త్రవ్వి తెచ్చినది. నాలుక మార్పును అట్టిదే. ఇల్లాలు ఓర్పుతో చేయు ఈ పనికి ఇంటాయన సహకారము, ఊరి పెద్దల ఆదర్శము తోడైనచో, కష్టించి పండించిన ధాన్యమును మనుమలతో కూడి కూర్చుండి తిను భాగ్యము ప్రతి యింటి పెద్దకును దక్కును.