మిక్సీలో గ్రాఫీన్

2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గ్రాఫైట్ మీద సెల్లోటేపు అంటించి పీకారు. టేపు మడిచి మళ్లీ అంటించారు, మళ్లీ పీకారు. అలా పీకగా పీకగా చివరికి ఒకే ఒక్క పరమాణువు మందమున్న కర్బనపు పొర చేతికి చిక్కింది. అదే గ్రాఫీన్. 2010లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

పరిశోధనకు ఆ కాస్త చాలు. బ్యాటరీల్లోనో, పెయింట్లలోనో, ప్లాస్టిక్‌లోనో కలపడానికి కిలోల లెక్కన కావాలంటే టేపుతో అయ్యే పని కాదు.

డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో జొనాథన్ కోల్‌మన్ బృందం ఈ చిక్కునే పట్టుకుంది. గ్రాఫైట్ పేకకట్ట లాంటిది. ఒక్కో పొర లోపల పరమాణువుల బంధం గట్టిది, పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం అంతంతే. పక్కకు తోస్తే జారిపోతాయి. ద్రవంలో వేసి జోరుగా తిప్పితే ఆ తోపుడు దానంతటదే దొరుకుతుంది. 2014లో ఈ బృందం ఫ్యాక్టరీల్లో వాడే మిక్సర్‌తోనే కాదు, వంటింటి మిక్సీతోనూ ఈ పని చేసి చూపించింది. జార్‌లో వేసినవి నీళ్లు, గ్రాఫైట్ పొడి, గిన్నెలు తోమే లిక్విడ్. విడిపోయిన రేకులు మళ్లీ అతుక్కోకుండా చూసేది ఆ సబ్బే. (ఇంట్లో చేసి చూడాలనిపిస్తే ఆగండి, ఆ జార్‌లో మళ్లీ చట్నీ రుబ్బలేరు.) వందల లీటర్ల తొట్టెల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుందని వాళ్లు తేల్చారు. మాలిబ్డినం డైసల్ఫైడ్, బోరాన్ నైట్రైడ్ వంటి ఇతర పొరల పదార్థాలనూ ద్రవంలో ఇలా విడదీయవచ్చు.

అసలు తిప్పలు మిక్సీ ఆపాక మొదలవుతాయి. జార్‌లోని నల్లటి ద్రవంలో చాలా భాగం విడిపోని గ్రాఫైటే. సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పితే మందపాటి ముక్కలు అడుగుకు దిగుతాయి, పలుచటి రేకులు పైద్రవంలో నిలుస్తాయి. వాటిలోనూ ఒకటి రెండు పొరలవి, ఏడెనిమిది పొరలవి కలగలిసే ఉంటాయి. పెద్దగా లోపాల్లేని వెడల్పాటి పొర కావాలంటే దారి వేరు: కాగే రాగి రేకు మీద మీథేన్ వాయువు నుంచి దాన్ని పెంచాలి. 2010లో కొరియా శాస్త్రవేత్తలు ఇలాగే 30 అంగుళాల పొర తీశారు. పలుచన, నాణ్యత బాగున్నా ఖర్చు ఎక్కువ.

పొడి రూపంలో గ్రాఫీన్ అమ్మేవాళ్లకు పలుచటి రేకుల్ని వేరుచేసే ఓపిక తక్కువ. 2018లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివిధ దేశాల్లోని 60 కంపెనీల ‘గ్రాఫీన్’ నమూనాలు పరీక్షించారు. పది పొరల లోపు ఉన్నదాన్నంతా గ్రాఫీన్‌గానే లెక్కగట్టినా, ఎక్కువ నమూనాల్లో అది పదో వంతు కూడా లేదు. సగం దాటిన నమూనా ఒక్కటీ లేదు. మిగిలినదంతా మెత్తగా నూరిన గ్రాఫైటే. హెల్మెట్ మీదో, బూట్ల మీదో గ్రాఫీన్ అనే మాట కనిపిస్తే, డబ్బులిచ్చే ముందు అందులో ఎంత ఉందో, ఎన్ని పొరలదో అడగండి.