మద్దెల ఓడా? ముంగిలి వంకరా?
పూల్ ఆటలో పరికరాల పాత్ర

ఆడలేక మద్దెల ఓడన్నాడని తెలుగువారు నవ్వుతారు. ‘నాచ్ నా జానే, ఆంగన్ టేఢా’ అని ఉర్దూ మాట్లాడేవారు నవ్వుతారు. ఒక సామెతలో నింద వాద్యంపై పడింది. మరొక దానిలో ముంగిలిపై పడింది. రెండు భాషలూ వినబడే మా కళాశాలలో ఈ సామెతలు రెండూ నిత్యం చెవినబడేవే. అయితే మద్దెల నిజంగానే పగిలి ఉంటే, ముంగిలి నిజంగానే వంకరగా ఉంటే, ఆడేవాని గతి ఏమి? ఈ సందేహం మాకు పూల్ బల్ల దగ్గర కలిగింది. దానిని తీర్చుకొనే యత్నమే ఈ వ్యాసం.

బల్లపై బంతులను కర్రతో కొట్టే ఈ క్రీడాజాతి మన దేశానికి కొత్తది కాదు. పూల్‌కు దగ్గరి చుట్టమైన స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మధ్య పుట్టిందని ప్రసిద్ధి. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేతగా నిలిచి, భారతదేశానికి వ్యక్తిగత క్రీడలో తొలి ప్రపంచ విజేత అనిపించుకొన్నాడు. మన నగరంలో ఫలక్‌నుమా ప్రాసాదపు బిలియర్డ్స్ గది నేటికీ చూపరులను ఆకర్షిస్తున్నది. నవాబుల మేడలలోని ఆ వినోదం నేడు సామాన్యులకూ అందుతున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు కంప్యూటర్ ఉద్యోగులకు నెలవైనాయి. అక్కడి పూల్ హాళ్లలో గంటకింత అని చెల్లించి ఎవరైనా ఆడవచ్చును.

అట్టి ఒక హాలులో మేము మా పూర్వ విద్యార్థులతో స్నేహపూర్వకంగా ఆడి చిత్తుగా ఓడిపోయాము. తప్పంతా అద్దె కర్రదేనని తీర్మానించాము. మాలో ఒక మిత్రుడు ఉపకారవేతనపు సొమ్ములో పెద్దభాగం వెచ్చించి ఖరీదైన క్యూ కర్ర కొన్నాడు. మరుమాసం మళ్లీ ఆడాము, మళ్లీ ఓడాము. మమ్మల్ని ఓడించిన అన్న గోడకున్న కర్రలలోంచి ఒకదానిని తీసి, బల్లపై దొర్లించి చూచి, దాని కొనను గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది ఆటకు దిగాడు. అంతే, ఇంకేమీ చేయలేదు. అయితే అదే అన్న ఒక ఆదివారం మా క్రీడాగదికి వచ్చి, మిత్రుని ఖరీదైన కర్రతోనే ఆడుతూ సులువైన బంతులు సైతం తప్పాడు. “తమ్ముడూ, కర్ర మంచిదే. బల్ల సంగతి ఎవరైనా చూచారా?” అని నవ్వాడు. ఆ మాటే మా ఆలోచనకు మూలమైంది.

మొదట ముంగిలి సంగతి. మంచి పూల్ బల్ల గుడ్డ కింద ఉండేది చెక్క కాదు, పలకరాయి. మార్కాపురం పలకపై అక్షరాలు దిద్దినవారికి ఆ రాతిజాతి పరిచితమే. నునుపుగా చదును కావటం, గాలిలోని తేమకు వంగకపోవటం దాని సుగుణాలు. కాని రాయి ఎంత మంచిదైనా కాళ్లు సమంగా లేకపోతే వ్యర్థం. మీటరుకు ఒక మిల్లీమీటరు వాలు కంటికి కనబడదు. నెమ్మదిగా దొర్లే బంతిని మాత్రం అది కొన్ని సెంటీమీటర్లు పక్కకు లాగివేయగలదు. బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు. మూల పాకెట్ నోరు సుమారు దానికి రెండింతలు. గురి ఎంత సరియైనదైనా ఆ కొద్దిపాటి అవకాశాన్ని వాలు మింగివేస్తుంది.

గుడ్డ సంగతీ అంతే. కొత్త గుడ్డపై బంతి చురుకుగా పరుగెత్తుతుంది. అరిగి, దుమ్ముపట్టి, వానకాలపు తేమ పీల్చిన గుడ్డపై మందగిస్తుంది. శీతలీకరించిన హాలులో ఆడేవారికి, కిటికీలు తెరచిన మా గదిలో ఆడేవారికి చేతి బలం ఒకే విధంగా ఉండజాలదు.

తరువాత బంతులు. నియమాల ప్రకారం పూల్ బంతి 156 నుంచి 170 గ్రాముల వరకు తూగవచ్చును. ఒకే జతలోని బంతులు పరస్పరం సమానంగా ఉండటం ముఖ్యం. తెల్లబంతి పోయిందని వేరే జతలోనిది తెచ్చిపెట్టే అలవాటు చాలచోట్ల ఉన్నది. తెల్లబంతి బరువెక్కువైతే ఎదుటి బంతిని తిన్నగా తాకిన పిమ్మట ఆగవలసినచోట ఆగక ముందుకు సాగుతుంది. వెనుకకు రప్పించటం కష్టమవుతుంది. జిడ్డు పట్టిన బంతులు తాకిన క్షణంలో ఒకదానినొకటి పట్టుకొని దారి తప్పుతాయి. దీనికి మందు సొమ్ము కాదు, శుభ్రమైన తడిగుడ్డ.

ఇక మద్దెల, అనగా క్యూ కర్ర. దానిలో అత్యంత ప్రధానమైనది కొననున్న తోలుబిళ్ల. దానినే టిప్ అంటారు. కర్ర బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. ఆటగాని విద్య అంతా ఆ తోలుబిళ్ల ద్వారానే బంతికి చేరాలి. అది గుండ్రంగా, కొద్దిపాటి గరుకుగా ఉండి చాక్‌ను నిలుపుకోవాలి. అప్పుడు బంతి కేంద్రానికి వ్యాసార్ధంలో దాదాపు సగం దూరం వరకు కొట్టినా కర్ర జారదు. రాయివలె గట్టిపడిన బిళ్ల ఉంటే ఎంతటి కర్ర అయినా జారిపోతుంది.

కర్ర ధరకు అర్థం లేదా? కొంత ఉన్నది. బంతికి పక్కగా కొట్టినప్పుడు అది గురిపెట్టిన దారినుంచి కొద్దిగా రెండవవైపుకు తొలగుతుంది. కర్ర కొనభాగం తేలికైనకొద్దీ ఈ తొలగుదల తగ్గుతుంది. ఖరీదైన కర్రలు కొన్నింటిని అందుకే ప్రత్యేకంగా తయారు చేస్తారు. అయినా తొలగుదల పూర్తిగా పోదు. ప్రతి ఆటగాడూ తన కర్ర ఎంత తొలగిస్తుందో సాధనచేత గ్రహించి ముందుగానే సవరించుకొంటాడు. కావున కర్ర ఎంత గొప్పదనే ప్రశ్న కంటే, నిన్నటి కర్రే నేడూ చేతిలో ఉన్నదా అనే ప్రశ్న పెద్దది.

దీనికి స్టీఫెన్ హెండ్రీ చక్కని దృష్టాంతం. ఏడుసార్లు స్నూకర్ ప్రపంచ విజేత అయిన ఆయన కర్ర వెల సుమారు నలభై పౌండ్లు. అంతకంటే ఖరీదైనవి కొనలేక కాదు. బాల్యం నుంచి చేతికి అలవాటైనదని దానినే అట్టిపెట్టుకొన్నాడు. 2003లో విమానప్రయాణంలో అది విరిగిపోయింది. వేరే కర్రతో అదే సంవత్సరం బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. అనగా విద్య కర్రతోపాటు విరగలేదు. కాని ఎనిమిదవ ప్రపంచ కిరీటం ఆయనకు మరి దక్కలేదు. అందుకు కర్రే కారణమని మేము అనజాలము. వయస్సు, ప్రత్యర్థులు, అదృష్టం కూడ అందులో భాగస్వాములు. ఆయన చరిత్ర చెప్పేది ఇంతే: విలువ వెలలో లేదు, పరిచయంలో ఉన్నది.

ఇంతకూ మా ప్రశ్నకు సమాధానం ఏమి? పరికరాల నాణ్యత అవసరమే, కాని ఒక హద్దు వరకు. బల్ల సమంగా, బంతులు సమానంగా, తోలుబిళ్ల సవ్యంగా, కర్ర వంకర లేకుండా ఉంటే చాలు. ఆ హద్దు దిగువన నేర్పరి సైతం ఓడిపోతాడు. దాని పైన వెచ్చించే ప్రతి రూపాయికీ దక్కే ఫలం తరిగిపోతుంది. అక్కడ సాధన ఒక్కటే పని చేస్తుంది. తన ఉచ్చదశలో ఆడగోరేవాడు తన తప్పును, పరికరపు తప్పును వేరుచేసి చూడగలగాలి. వంకర బల్లపై నేర్చినవానికి ఆ వివేకం అలవడదు. తప్పు తనది కానప్పుడు చేతిని దిద్దుకొంటాడు, తనదైనప్పుడు బల్లను తిడతాడు.

అందుచేత సోదర విద్యార్థులకు మా మనవి: ఉపకారవేతనం పుస్తకాలకు ఉంచండి. నిత్యం ఆడేవారైతే నిటారైన సామాన్యపు కర్ర ఒకటి కొని, దానినే నమ్ముకోండి. టిప్ అరిగినప్పుడు మార్పించండి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: మాకు కొత్త కర్రలు వద్దు. క్రీడాగదిలోని బల్లను ఒక్కసారి రసమట్టంతో సరిచూపించండి, గుడ్డ మార్పించండి, ఒకే జత బంతులు ఇప్పించండి. ఖరీదైన కర్ర ఒక్కని చేతిని అలంకరిస్తుంది. సమమైన బల్ల కర్ర కొనలేని విద్యార్థికీ సమంగానే ఉంటుంది.

ముంగిలి మీరు చక్కబెట్టించండి. ఆ తరువాత మేము ఓడితే మద్దెలను నిందించబోము.