దరువును ముక్కలు చేసే యంత్రం

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ అని బోర్డున్న రైల్వే స్టేషన్ నిజానికి కాడుగోడిలో ఉంది. 2023 మార్చిలో దాని పక్కనే మొదలైన మెట్రో స్టేషన్‌కు రెండు పేర్లూ కలిపి పెట్టారు. కుప్పం వైపు నుంచి రైల్లో వచ్చి ఇక్కడ దిగే తెలుగువాళ్లు ప్లాట్‌ఫారం మీది ప్రకటనలను ఒక్కసారి శ్రద్ధగా వినాలి. బండి నంబరులోని అంకెలు, ఊరి పేరు, ప్లాట్‌ఫారం సంఖ్య దేనికది విడిగా రికార్డు చేసిన ముక్కలే. బండిని బట్టి యంత్రం వాటిని వరుసలో పేరుస్తుంది. అంకెకూ అంకెకూ మధ్య గొంతు ఎత్తు కాస్త తేడాగా వినిపించడానికి కారణం అదే. సంగీతకారుల శాంప్లర్ చేసేదీ ఈ పనే. కాకపోతే అక్కడ ముక్క ఎక్కడ తెగాలన్నది ప్రాణంతో సమానమైన ప్రశ్న.

విచిత్రంగా, శబ్దాన్ని ముక్కలు చేసి పేర్చే ఈ కథ మొదలైంది కూడా రైల్వే స్టేషన్‌లోనే. ప్యారిస్‌లోని బాటిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్ల చప్పుళ్లను పియేర్ షాఫేర్ డిస్కుల మీద రికార్డు చేసి, వాటిని తిరిగి పేర్చి 1948లో రేడియోలో సంగీతంగా వినిపించాడు. తర్వాత టేపు వచ్చింది, దానితో పాటు బ్లేడు వచ్చింది. సెకనుకు 38 సెంటీమీటర్లు నడిచే టేపు మీద ఒక మద్దెల దెబ్బ కొన్ని సెంటీమీటర్ల పొడవుంటుంది. దాన్ని వేలితో చూపించవచ్చు. టేపును నిలువుగా కాక ఏటవాలుగా కోసేవారు. అలా కోస్తే ఒక శబ్దం తగ్గుతూ ఇంకొకటి పెరుగుతూ అతుకు తెలియకుండా కలిసిపోతుంది.

1979లో సిడ్నీలో తయారైన ఫెయిర్‌లైట్ యంత్రం శబ్దాన్ని అంకెలుగా మార్చి కీబోర్డు మీదికి తెచ్చింది గానీ, దాని ధర మామూలు వాద్యకారుడికి అందేది కాదు. అసలు మలుపు 1987లో అమెరికాలోని ఈ-మ్యూ సంస్థ తెచ్చిన ఎస్‌పీ-1200. అందులో మొత్తం జ్ఞాపకం 10 సెకన్లు! నాణ్యత 12 బిట్లు, సెకనుకు సుమారు 26,000 నమూనాలు. అంత ఇరుకులో పాట పట్టదు, దెబ్బలు మాత్రమే పడతాయి. ముక్కలు చేయడం అనే కళ ఈ పేదరికం నుంచే పుట్టిందని నా గట్టి నమ్మకం. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన గ్రామఫోన్ రికార్డును 45 వేగంతో తిప్పి, ఆ పొట్టి శబ్దాన్ని యంత్రంలోకి ఎక్కించి, మళ్లీ లోపల శ్రుతి దించి వాడుకునేవారు. చోటు ఆదా అయ్యేది. అందువల్ల వచ్చిన గరగర ఆ కాలపు హిప్‌హాప్ సంగీతానికి ముద్రగా మిగిలింది.

నేటి శాంప్లర్ మాడ్యూళ్లకు చోటు కొరత లేదు. వేలితో ప్యాడ్ తాకినా, దెబ్బల వరుసను నడిపే సీక్వెన్సర్ నుంచి సంకేతం వచ్చినా, మాడ్యూళ్లు బిగించే యూరోర్యాక్ పెట్టెల్లో వోల్టేజి మారినా ముక్క పలుకుతుంది. చాలావాటిలో ముక్కలు (స్లైస్) చేసినంత మాత్రాన శబ్దం తెగిపోదు. పొలంలో సర్వే రాళ్లు పాతితే మట్టి కదలనట్టు, మూల శబ్దం అలాగే ఉంటుంది. మొదలు ఇక్కడ, చివర అక్కడ అన్న గుర్తులు మాత్రమే పడతాయి.

గుర్తులు పెట్టే దారులు మూడు. సమాన భాగాలుగా పంచడం ఒకటి. శబ్దశక్తి హఠాత్తుగా పెరిగిన చోటల్లా యంత్రమే గీత గీయడం రెండోది. వింటూ చేత్తో కొట్టి గుర్తు పెట్టడం మూడోది. ఏ దారిలో వెళ్లినా తరంగం సున్నా గీతను దాటే చోట కోయాలి, లేదంటే టిక్కుమని చప్పుడొస్తుంది. దెబ్బ మొదలుకు కాస్త ముందే కోయాలి. అది ఏ వాద్యమో చెవి పోల్చుకునేది చాలావరకు ఆ మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే. వాటిని పోగొట్టుకున్న మృదంగం మృదంగంలా వినపడదు.

ఈ యంత్రాల లెక్క మాత్రం మన తాళాలను చూసి రాసింది కాదు. 1988లో రోజర్ లిన్ రూపొందించిన అకాయ్ ఎంపీసీ-60 శాంప్లర్‌కు 16 ప్యాడ్లు ఉన్నాయి, ఎలెక్ట్రాన్ ఆక్టాట్రాక్ అనే శాంప్లర్ ఒక శబ్దాన్ని 64 ముక్కల దాకా చేస్తుంది. ఆదితాళానికి ఇది హాయి. 8 అక్షరాలు, అక్షరానికి నాలుగు చొప్పున 32 మాత్రలు. మిశ్రచాపు 7 అయ్యేసరికి చిక్కొస్తుంది. ఆవర్తాన్ని 16 సమాన భాగాలు చేస్తే గీతలు దెబ్బల నడుమ పడతాయి. దానికో ఉపాయం ఉంది. 7 తర్వాత ఒక అక్షరమంత నిశ్శబ్దం చేర్చి 8 చేయండి, అప్పుడు 16 ముక్కలు చేయండి. ఒక్కో ముక్క సరిగ్గా అర అక్షరం. చివరి రెండూ వదిలేస్తే 14 మిగులుతాయి, చాపు చెడదు.

యంత్రానికి వదిలేసే పద్ధతి డ్రమ్‌సెట్టుకు బాగుంటుంది. మృదంగం తొప్పి మీద చేయి జరుపుతూ తీసే గుంకీలో శ్రుతి జారుతుంది గానీ కొత్త దెబ్బ పడదు, యంత్రం దాన్ని గుర్తించలేదు. వేగంగా పడే తకదిమిలో ముందు దెబ్బ మోత తర్వాతి మెత్తని దెబ్బను కప్పేస్తుంది. సున్నితత్వం పెంచితే లేని దెబ్బలకూ గీతలు పడతాయి. డప్పుది మరో ఇబ్బంది. మంటకు కాచి వాయించే తోలు చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది కాబట్టి, మొదట్లో తీసిన ముక్కకూ చివర్లో తీసిన ముక్కకూ పొసగదు. మన వాద్యాలకు చెవీ చెయ్యే నమ్మదగ్గవి. వింటూ గుర్తులు పెట్టి, చేయి ఆలస్యమైన మేరకు గీతను వెనక్కి జరపాలి.

ఇలా కోసిన శబ్దాల్లో ప్రపంచమంతా మోగినది 1969 నాటి ‘అమెన్, బ్రదర్’ పాటలోని సుమారు ఏడు సెకన్ల డ్రమ్స్ వాయింపు. అమెరికాకు చెందిన విన్‌స్టన్స్ బృందంలో గ్రెగరీ కోల్మన్ వాయించాడు. 1990లలో బ్రిటన్‌లో పుట్టిన జంగిల్ సంగీతానికి ఆ ముక్కలే పునాది. వేలాది పాటలు వాటితో అల్లుకున్నాయి. కోల్మన్ మాత్రం రాయల్టీ కింద ఏమీ అందుకోకుండా, 2006లో పేదరికంలో చనిపోయాడు.

ఈ అన్యాయం మన ఊళ్లలో జరగనివ్వకండి. డప్పు, రమ్‌డోలు, పంబ ఎవరు వాయించినా, వాళ్ల దరువును మీ యంత్రంలోకి ఎక్కించేముందు అనుమతి అడగండి, కూలి కాదు వాటా మాట్లాడండి, పాట కింద వాళ్ల పేరు వేయండి.